ఇద్దరు వడ్రంగులు, ఒక ముద్దుపేరు

పిన్నీ,
నేను క్షేమం, కంగారు పడకు. పాస్‌పోర్టు వచ్చింది, స్కూల్లో నెల సెలవూ ఇచ్చారు. ఇక తేలవలసింది ఏ దేశం వెళ్లాలన్నదే.

ఓడల్లో వెళ్లినవాళ్ల పాత రిజిస్టర్లు ఉన్న ఆఫీసుకు నిన్న వెళ్లాను. అమ్మమ్మకు మూడేళ్లప్పుడు ఓడెక్కి మళ్లీ తిరిగిరాని వాళ్ల నాన్న కోసం వెతికితే, అదే పేరుతో, అదే ఏడాది, ఇద్దరు వడ్రంగులు తేలారు. ఒక్కొక్కరు ఒక్కో దేశానికి వెళ్లారు. తల పట్టుకుని కూర్చున్నాను. గుమాస్తాగారు భూతద్దం నా చేతికిచ్చి, "చివరి గడి చూడమ్మా. దారిలో ఏదన్నా అయితే కబురు ఎవరికి పంపాలో అందులో రాయించుకునేవారు" అన్నారు. ఒకాయన తండ్రి పేరు రాయించాడు. రెండో ఆయన, "కూతురు, పిచ్చుక" అని రాయించాడు. "పసిపిల్ల పేరు రాయించినవాణ్ణి నా సర్వీసులో ఇంకెక్కడా చూడలేదమ్మా" అన్నారాయన. అప్పటినుంచి ఆ పిచ్చుక ఎవరా అని ఒకటే ఆరాటంగా ఉంది.

టిక్కెట్టు నెలాఖరులోగా కొనాలి. నా ఉన్ని శాలువా ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. వంటింటి కప్పు కారడం ఆగిందా? బాబాయి మోకాలు ఎలా ఉంది? ఆయనకు నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.
నీ అక్క కూతురు

చోటు చాలక అంచున రాస్తున్నాను. వాళ్ల నాన్న మాటెత్తితే అమ్మమ్మ లేచి వెళ్లిపోతుంది కదా, అందుకని నువ్వేమీ అడగొద్దు. ఆవిడ బట్టలు మడతపెట్టుకుంటున్నప్పుడు వెనకనుంచి "పిచ్చుకా" అని ఒక్కసారి పిలువు. తిరిగి చూసిందో లేదో వెంటనే రాయి.