ఒక పిల్ల, రెండు వరుస సంఖ్యలు

ఖాయా కుయోల్ గ్రామం,
1964 అక్టోబరు 3, శనివారం.

జిల్లా విద్యాధికారి గారి సముఖమునకు,
ఖాయా కుయోల్ ప్రాథమిక పాఠశాల ఏకోపాధ్యాయుడు ప్రొకోపీ ఎవెర్‌స్తోవ్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: హాజరు పట్టీలో వరుస సంఖ్య 3, వరుస సంఖ్య 6 ఒకే బాలిక అగుట, అందులో ఒక పేరు కొట్టివేయవలెనన్న తమ ఉత్తర్వు, అది నా చేత కాకపోవుట గురించి.

తమ ఉత్తర్వు గత శనివారం అందినది. దానిపై ఈ దిగువ సంగతులు విన్నవించుకొనుచున్నాను.

1. శీతాకాలానికి ముందు పాఠశాల గోడలకు పేడ మెత్తుట అపరిశుభ్రమని తనిఖీ అధికారి క్లావ్దియా గారు నివేదించినారు. పేడ మెత్తనిచో లోపల సిరా గడ్డకట్టును. నిరుడు మెత్తుట ఆలస్యమై, పిల్లలు సిరాబుడ్లను చంకలో పెట్టుకొని లెక్కలు చేసిరి. చంకలో సిరాబుడ్డి ఉన్న పిల్లవాడు చేయి ఎత్తి జవాబు చెప్పలేడు. కావున ఈసారి ముందుగానే నేనూ పిల్లలూ కలిసి మెత్తితిమి. బాగా వచ్చినది.

2. కట్టెలు అందినవి. పచ్చివి. ఇంతకంటె ఏమియు వ్రాయను.

3. ఇక అసలు సంగతి. నిరుడు సెప్టెంబరులో ఒగ్దో అవ్వ తన మనవరాలిని చేయి పట్టుకొని బడికి తెచ్చినది. పిల్ల తల్లిదండ్రులు గుర్రాల మందతో ఎగువ బీళ్ళలో ఉందురు. పేరు అడుగగా "కుహగాన్" అన్నది. అనగా చెడ్డది. ఊరంతా అదే పేరుతో పిలుచుచున్నందున వరుస సంఖ్య 3గా అదే వ్రాసితిని. "చెడ్డది?" అని నేను పిలుచుట, "వచ్చింది!" అని ఆ పాప అరచుట, ఏడాది పాటు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఈ ఆగస్టులో తమ కార్యాలయం నుండి బడి ఈడు పిల్లల జాబితా వచ్చినది. అందులో మా ఊరి బాలికగా నేనెన్నడూ వినని పేరొకటి ఉన్నది. చక్కని పేరు. ఇంటిపేరు చూస్తే మా ఊళ్ళో సగం మందిది. ఎవరో కొత్త కుటుంబం దిగుతున్నది కాబోలు అనుకొని వరుస సంఖ్య 6గా చేర్చుకొంటిని. సెప్టెంబరు ఒకటిన హాజరు తీస్తూ ఆ పేరు బిగ్గరగా పిలిచితిని. వరుస సంఖ్య 3 బల్ల కిందికి దూరింది. మధ్యాహ్నానికి ఒగ్దో అవ్వ చేతికర్ర ఆడిస్తూ వచ్చింది.

"ఏం మాస్టారూ, చదువెక్కువై మతి పోయిందా? ఆ పేరు అంత గొంతేసుకుని అరుస్తావా?"

"జాబితాలో ఉందవ్వా. ఎవరి పేరది?"

"ఎవరిదేంటి, నీ ఎదురుగా కూర్చునేదానిదే! దానికి ముందు ముగ్గురు పోయారు. ఒక్కళ్ళకీ ఎనిమిదేళ్ళు నిండలేదు. మంచి మంచి పేర్లు పెట్టి ముద్దుగా పిలుచుకున్నాం, గాలిలో తిరిగేవాళ్ళు విని, వచ్చి పట్టుకుపోయారు. దీన్ని మాత్రం చెడ్డది, చెడ్డది అంటూ వాళ్ళ కళ్ళుగప్పి ఇంతదాకా లాక్కొచ్చా. నువ్వేమో ఒక్క పూటలో చాటింపు వేసి పెట్టావు!"

"మరి ఆఫీసువాళ్ళకి ఎవరు చెప్పారు?"

"దాని అయ్య. వాడి నోట్లో నువ్వుగింజ నానదు కదా."

ఆ రోజే ఒక పేరు కొట్టివేయవలసినది. కొట్టివేయలేదు. కారణము: ఆరుగురికి తక్కువ ఉన్న బడులను నది గడ్డకట్టులోగా మూసి, పిల్లలను జిల్లా కేంద్రపు వసతి బడికి పంపవలెనన్న తమ ఉత్తర్వు అదే వారం వచ్చినది. గదిలో అయిదుగురు. కాగితం మీద ఆరుగురు. నేను నోరు మూసుకున్నాను. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. అటు తరువాత హాజరులో పేరు మాని "వరుస సంఖ్య ఆరు" అని పిలిచేవాణ్ణి. అయిదుగురూ కప్పు వంక చూసేవారు.

(ఇక్కడ లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి వచ్చాను. ఈ అర్జీ మొదలుపెట్టాక ఇది నాలుగోసారి. నది మీద మంచు తెట్టు నిన్నటికంటె చిక్కబడింది.)

4. క్లావ్దియా గారు వచ్చి తలలు లెక్కపెట్టిరి.

"మాస్టారూ, అయిదుగురే ఉన్నారు. ఆరో అమ్మాయేదీ?"

"ఉందండీ."

"ఎక్కడుంది?"

"వీళ్ళలోనే ఉందండీ."

"నేను మీకు ఎలా కనిపిస్తున్నానండీ?"

దాచలేక మొత్తం చెప్పేశాను. ఆమె తన పుస్తకంలో రెండే మాటలు వ్రాసుకొనిరి: మూఢనమ్మకం, మోసం. మొదటిది ఒగ్దో అవ్వది, రెండవది నాది. రెండూ నా ఖాతాలోనే వ్రాయవలెనని మనవి. అవ్వకు డెబ్బయి నాలుగేళ్ళు.

పేరు కొట్టివేశాక అయిదుగురినీ ఆఖరి పడవలో పంపమన్నారు కనుక, వసతి బడి గురించి ఒక మాట. అక్కడ ఉదయం, భోజనానికి, స్నానానికి, పడకకు పిల్లలను పూర్తి పేరుతో మైకులో పిలుస్తారని విన్నాను. క్రమశిక్షణకు అది మంచిదే. ఈ పిల్ల ఆ మైకు కింద ఎలా బతుకుతుందో ఒక్కసారి ఆలోచించండి.

5. మొన్న గురువారం ఉత్తర్వు అమలు చేయుటకై కలం సిరాలో ముంచి పట్టీ తెరిచాను. నల్లబల్ల తుడవడానికి ఆగిన పాప నా బల్ల అవతల నిలబడి ఉంది. అక్షరాలను తలకిందులుగా కూడా చదవడం నేర్చేసుకుంది, నేనే నేర్పాను.

"మాస్టారూ, ఏ నన్ను కొట్టేస్తున్నారు?"

"పేరే పాపా. నిన్ను కాదు."

"కొట్టేసింది చచ్చిపోతుందా?"

"ఛ, లేదు."

"మరి ఎక్కడికి పోతుంది?"

అయ్యా, ఇరవై రెండేళ్ళుగా చదువు చెబుతున్నాను. దీనికి జవాబు నాకు తెలియలేదు. తమ నియమావళిలో ఏ పేజీలోనైనా ఉన్నచో తెలుపవలెను. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు, ఆ సంగతి మీ కార్యాలయానికి పూర్వమే వ్రాసి ఇచ్చి ఉన్నాను. కానీ మూడు కొట్టేస్తే దాన్ని ఇన్నాళ్ళు కాచిన పేరు పోతుంది, ఆరు కొట్టేస్తే దాన్నే కొట్టేసినట్టవుతుంది. నాకు భయం వేసింది. కలం తుడిచి లోపల పెట్టేశాను. అప్పటి నుంచి నిద్ర లేదు, తిండి మీద ధ్యాస లేదు, ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

6. కావున కోరునది ఒక్క శీతాకాలం మాత్రమే. మార్చి పదకొండున పాపకు ఎనిమిదేళ్ళు నిండుతాయి. ఆ రోజు తానే బడికి వచ్చి అందరి ముందూ ఆ పేరు పిలుస్తానని అవ్వ మాట ఇచ్చింది. అప్పుడు మూడును నా చేత్తో కొట్టేస్తాను. వచ్చే సెప్టెంబరుకు ఊళ్ళో మరో ఇద్దరికి బడి ఈడు వస్తుంది, ఏ మోసమూ లేకుండా ఏడుగురవుతారు. అంతవరకు బడి తెరిచి ఉంచనీయవలెను.

ఇప్పుడే పడవవాడు న్యుకూస్ తలుపు తోసుకుని వచ్చాడు.

"ఇంకా రాస్తూనే ఉన్నావా మాస్టారూ? మంచు పడవని కొరికేస్తోంది. ఇదే ఆఖరి పడవ, తెలుసుగా? పిల్లలేరీ?"

"పిల్లలు రారు న్యుకూస్. కాగితం వస్తుంది."

"అయిదుగురిని ఎక్కించుకు రమ్మంటే కాగితం తీసుకెళ్ళి ఇస్తే నన్నేమంటారు?"

"నిన్నేమీ అనరు. నన్నంటారు."

"నీకు భయం లేదా?"

"ఉంది. కూర్చో, చేప తిను."

కూర్చున్నాడు, తింటున్నాడు. అయ్యా, పిల్లలు ఎక్కవలసిన పడవలో ఈ అర్జీ వస్తున్నది. తమ జవాబు నది గట్టిపడి బండి నడిచే నవంబరు నెలాఖరు వరకు ఇక్కడికి చేరదు. ఇది నాకు తెలిసే చేస్తున్నాను. ఆ తరువాత నన్ను తీసివేసినా, ఈ రెండు నెలల పాఠాలు పిల్లల దగ్గరే ఉంటాయి.

పై సంగతులు చిత్తగించవలెను. కోపం వచ్చినచో మంచు గట్టిపడు వరకు ఆపుకొనవలెను.

తమ విధేయుడు (ఈ ఒక్క ఉత్తర్వు విషయంలో తప్ప),
ప్రొకోపీ ఎవెర్‌స్తోవ్

తా.క.: పట్టీలో పేరు గురించిన అర్జీ మీద విద్యార్థి సంతకం ఉండాలన్నది నిబంధన. అందుకని పాపను పిలిపిస్తే అవ్వ కూడా వెంట వచ్చింది. అడుగున తన అసలు పేరు తానే రాసింది. అది రాయడం ఇదే మొదటిసారి, అయినా ఒక్క అక్షరం తప్పు పోలేదు. అవ్వ వంగి చూసింది. పొయ్యిలోంచి వేలితో మసి తీసుకుని ఆ పేరు మీద మెల్లగా రుద్దింది. "నీళ్ళు దాటే కాగితం కదా నాయనా, దారిలో ఎవరి కంటా పడకూడదు," అంది. అయ్యా, కింద నల్లగా ఉన్నచోట పాప ఉంది. మార్చి దాకా తుడవకండి.