బెలార్మీనోలో నాకు నచ్చనివి

ఏప్రిల్, ఆదివారం

ఒతీలియా అక్కా,

నీ ఉత్తరం, బావ పంపిన ఉన్ని మేజోళ్లు రెండూ పడవలో తడవకుండా చేరాయి. మేజోళ్లు దొరోతేయా అత్త లాగేసుకుంది. ఉత్తరం నాకు మిగిలింది. అందులో నువ్వు నన్ను అడిగినదానికి వారం రోజులుగా జవాబు వెతుక్కుంటున్నాను. "ముప్పై తొమ్మిదేళ్లొచ్చాయి, వచ్చిన ప్రతివాడికీ ఏదో వంక పెడతావు, ఈ బెలార్మీనోకి ఏం వంక దొరికిందే నీకు" అని రాశావు. అడిగావు కాబట్టి చెబుతాను, తర్వాత తిట్టుకోకు.

అతను నవ్వితే చుట్టుపక్కల కుక్కలు లేచి మొరుగుతాయి. నోరంతా తెరిచి నవ్వుతాడు. పైన ముందు పన్ను ఒకటి లేదు, ఆ సందులోంచి ఈలలాంటి శబ్దం వస్తుంది. ఆల్చిప్పల పులుసు పెడితే చిప్పని నోటికి ఆనించి, పక్కింటికి వినబడేలా జుర్రుతాడు. బట్టలు ఎప్పుడూ తారు వాసన, తడి గొర్రె వాసన. పడవలు కట్టేవాడు గనక తారు సరే, అతనికి గొర్రెలే లేవు, మరి ఆ రెండో వాసన ఎక్కడిదో తెలియదు. వీటన్నిటినీ మించినవి అతని ప్రశ్నలు. మనిషిని కూర్చోనివ్వడు, ఇదెందుకు, అదెలా అని.

అతన్ని మొదట చూసింది మార్చిలో. వాళ్ల చెల్లెలు క్లోరిందాకి నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగిందని, పొద్దున్నే పడవేసుకుని ఎదుటి దీవి నుంచి నా కోసం వచ్చాడు. తెడ్డు వేస్తున్నంతసేపూ ప్రశ్నలే. అడ్డం తిరిగిందని చెయ్యి పెట్టగానే ఎలా తెలుస్తుంది, తల ఏదో మోకాలు ఏదో ఎలా పోల్చుకుంటారు అని. మన మగవాళ్ల సంగతి నీకు తెలుసుగా, నొప్పుల కేక వినబడితే చాలు, కొట్టంలోకి పోయి ఆపిల్ కల్లు ముందేసుకుంటారు. క్లోరిందా మొగుడూ అదే పని చేశాడు. భుజాలు పట్టుకోవడానికి మనిషి లేక ఇతన్నే లోపలికి పిలిచాను. చెప్పినట్టు పట్టుకున్నాడు. ఆ ఒక్కసారి మాత్రం నోరెత్తలేదు. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. నేను చేతులు కడుక్కుని వచ్చేశాను. నెల తిరక్కుండానే క్లోరిందా చేత కబురు పంపించాడు, మా అన్న నిన్ను చేసుకుంటానంటున్నాడు అని.

అక్కా, నీకు తెలియనిది ఒకటుంది. నన్ను చేసుకుంటానన్న రొసెందో నన్ను వదిలి అర్జెంటీనా గొర్రెల ఫారాలకి పనికి పోయాడని నువ్వూ, ఊరూ అనుకుంటారు. పని ఉన్న మాట నిజమే, పోయింది మాత్రం దానికోసం కాదు. ఆపిల్ పళ్లు పిండే రోజున నేను కొట్టం వెనకాల బుట్టలు సర్దుతున్నాను. గోడకి అటు పక్క అతను స్నేహితుడితో అంటున్నాడు: "మొహానికేం, బాగానే ఉంటుంది. ఆ చేతులే. ఎక్కడెక్కడ పెట్టి వస్తుందో తలుచుకుంటే, వాటితో పిసికిన రొట్టె నా గొంతు దిగదు." స్నేహితుడు నవ్వాడు. నేను బుట్టలు సర్దడం పూర్తి చేసి ఇంటికి వచ్చాను. అమ్మ దగ్గర నేర్చుకున్న పని, అమ్మ చేతుల్లోంచి నా చేతుల్లోకి వచ్చిన పని, దానికి ఒకడు అలా మొహం తిప్పుకుంటాడని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో రొట్టె అత్తే పిసుకుతుంది. గుడిలో పక్కన మగవాడు కూర్చుంటే నా చేతులు శాలువా కిందకి పోతాయి. ఎవరైనా నన్ను చూడటానికి వస్తే, అతను నాలో ఏదో కనిపెట్టేలోగా నేనే అతనిలో కనిపెట్టేస్తాను.

వచ్చే ఆదివారం జవాబు కోసం వస్తాడట. కాదనే చెబుతాను. నేను ఆ దీవికి కాపురానికి పోతే ఇక్కడ కాన్పులు ఎవరు చేస్తారు? మధ్యలో ఆ ప్రవాహం నీకు తెలియనిది కాదు, గాలి లేస్తే రెండు రోజులైనా పడవ దాటదు.

నీ చెల్లి,
ఎర్మెలిందా


జూన్, వాన ఆగిన రోజు

అక్కా,

కాదనే చెప్పాను. రెండు నెలలైంది, కానీ చెప్పింది చెప్పినట్టు రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

వానలో తడిసి ముద్దై వచ్చాడు. అత్త పొయ్యి పక్కన అల్లికతో కూర్చుని చెవుడు నటించడం మొదలుపెట్టింది. మాతే ఆకు కాచి ఇచ్చాను. ఊరికే కాదంటే ఎందుకని వంద ప్రశ్నలు వేస్తాడు గదా, అందుకని నీకు రాసినవన్నీ అతని మొహం మీదే చెప్పేశాను. నవ్వు, పన్ను, జుర్రడం, వాసన, ప్రశ్నలు, ఒక్కటీ వదల్లేదు. కోపం వచ్చి లేచి పోతాడనుకున్నాను. పడవ ఎక్కడెక్కడ కారుతోందో ఎవరో చెబుతుంటే వింటున్నట్టు, తల ఊపుతూ విన్నాడు. వాసన కోటుదట, వాళ్ల నాన్నదట, వేరేది కొనుక్కుంటానన్నాడు. ప్రశ్నలు తగ్గించుకోవడం కష్టమే గానీ చూస్తానన్నాడు. నవ్వు మాత్రం తన చేతిలో లేదన్నాడు.

ఆ తర్వాత, "మీలో నాకు నచ్చనివి నేనూ చెప్పొచ్చా?" అని అడిగాడు.

అక్కా, ఇన్నేళ్లుగా నన్ను చూడటానికి ఎంతమంది రాలేదు. నా కళ్లు బాగున్నాయన్నవాళ్లున్నారు, నడుం బాగుందన్నవాళ్లున్నారు. ఈ మాట ఎవరూ అడగలేదు. చెప్పమన్నాను. నేను దెబ్బలాటకి పోతున్నట్టు నడుస్తానట. అందరితోనూ నొప్పులు పడుతున్నవాళ్లతో మాట్లాడినట్టు, ఊపిరి పీల్చు, వదులు అన్నట్టు మాట్లాడతానట. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటానట, అది చూస్తే తనకి ఎవరో దీపం ఆర్పినట్టు ఉంటుందట. వచ్చినప్పటి నుంచీ తనతో కాక పొయ్యితో మాట్లాడుతున్నానట. అత్త అల్లిక ఆగిపోయింది.

"ఇంకొకటి. మీరు రొట్టె పిసకరని విన్నాను. ఎందుకు?"

అత్త వైపు చూశాను. అత్త పైకప్పు వైపు చూసింది. అప్పుడు నాకేమైందో తెలియదు, నీకు కూడా ఇన్నేళ్లు దాచిన మాట, కొట్టం గోడ అవతల విన్న మాట, అక్షరం పొల్లుపోకుండా అతనికి చెప్పాను. అతను అయ్యో అనలేదు. రొసెందోని తిట్టనూ లేదు. "చూడనిస్తారా?" అన్నాడు. నేను శాలువాలోంచి చేతులు తీసి బల్ల మీద పెట్టాను. ముట్టుకోలేదక్కా. వంగి చూశాడు, చాలాసేపు. గుడిలో కొత్త విగ్రహం తెచ్చి దించిన రోజున ఊరు చూసినట్టు చూశాడు.

"క్లోరిందా పొట్ట మీద ఇవి పెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. లోపల పిల్ల తిరగడం నాకు బయటికి కనిపించింది. చర్మం కింద కొండ కదిలినట్టు కదిలింది. ఇవి మటుకు దాన్ని తోసినట్టే లేవు, అడిగినట్టున్నాయి," అన్నాడు. తర్వాత తలెత్తి అన్నాడు: "ఆ రోజు నుంచి మీరంటే నాకు భయం. ఆ భయం జీవితాంతం ఉంటే బాగుండనిపించి అడగడానికొచ్చాను."

ఒకే పని ఒకడికి గొంతు దిగనివ్వలేదు, ఇంకొకడి చేత తల వంచించింది. మధ్యలో నా చేతులు ఏమీ మారలేదు. "మాతే చల్లారిపోతోందే అమ్మాయ్" అని అత్త అంటే లేచి గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టాను.

అయినా కాదనే చెప్పాను. ఈ దీవి వదిలి రాలేనన్నాను. ఇప్పుడే నలుగురు నెలలు నిండుతున్నవాళ్లున్నారు. అతని ఇల్లు వాళ్ల నాన్న కట్టింది, ఇతను చెక్క చెక్కా మార్చుకుంటూ నిలబెట్టుకున్నది. ఇక్కడ వేరే ఇల్లు వేసుకోకూడదా అని అత్త చెవుడు మరిచిపోయి అడిగింది. "ఆ ఇంట్లో ఎలా బతకాలో నాకు తెలుసు, అత్తా. కొత్తదాంట్లో ఎలా ఉంటానో తెలియదు," అన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ కబురు లేదు.

నన్ను చూసి నవ్వుకో. నిన్న రేవులో ఎవరో పెద్దగా నవ్వితే చేపల బుట్ట వదిలేసి వెనక్కి తిరిగాను. అతను కాదు. నాకు తల తిరిగిపోయేదేమిటంటే, అక్కా, అతనిలో నాకు నచ్చనివన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. లేని పన్ను లేనట్టే ఉంది. ఒక్కటీ మారలేదు. మరి అవే తలుచుకుంటూ ఎందుకు కూర్చుంటున్నాను?

నీ
ఎర్మెలిందా


ఫిబ్రవరి, పెద్ద పోటు వచ్చిన వారం

ఒతీలియా అక్కా,

కూర్చుని చదువు. ఇది చూడటానికి నువ్వు ఇక్కడ లేకపోయావే అని నాకు ఏడుపొస్తోంది.

పోయిన నెల నుంచీ ఊళ్లో నన్ను చూసి గుసగుసలాడటం ఆపేస్తున్నారు. అత్త బంగాళాదుంపల చేనుకి దిగువన, ఒడ్డు పక్కన, పొదలు కొట్టించి నేల చదును చేయించింది. పందుల కోసమంది. పీపాల కొద్దీ ఆపిల్ కల్లు తెప్పించింది. అది కూడా పందులకేనా అని అడిగితే, నోర్మూసుకో అంది. బెలార్మీనో వానలు తగ్గగానే వచ్చి ఆ స్థలం అడిగాడనీ, ఇచ్చేశాననీ, నాకు తప్ప దీవిలో అందరికీ చెప్పాననీ ఇప్పుడు ఒప్పుకుంటోంది. నాకు ముందే చెబితే కాదంటానట. నిజమే, అని ఉండేదాన్ని.

గురువారం పొద్దున్న కొండ మీది నెలిదాకి నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. సముద్రపు పోటు రోజున ఊరంతా రేవుకి పోతుంటే నేను ఎదురెక్కి ఆమె ఇంటికి పోయాను. ఆ ఇంటి కిటికీలోంచి రెండు దీవుల మధ్య నీళ్లన్నీ కనిపిస్తాయి. నొప్పికీ నొప్పికీ మధ్య నెలిదా కిటికీ పట్టుకుని నిలబడి, ఉన్నట్టుండి మెల్లగా అంది: "ఎర్మెలిందక్కా, సముద్రం మీద ఇల్లొస్తోంది."

జ్వరం తలకెక్కిందనుకుని నుదుటి మీద చెయ్యి పెట్టాను. చల్లగానే ఉంది. అప్పుడు బయటికి చూశాను.

ఇల్లు వస్తోంది. ఇళ్లు నీళ్ల మీద దాటించడం నాన్న చెప్పగా విన్నాం, మన చిన్నప్పుడు ఎద్దుల్ని కట్టి నేల మీద లాగిన ఇళ్లు చూశాం. ఇలా రావడం నేనెప్పుడూ చూడలేదు. చెక్క పెంకుల గోడలు, పచ్చ రంగు కిటికీలు, పొగగొట్టంతో సహా ఇల్లు, గడప దాకా నీళ్లలో మునిగి, ముందర పడవలు తాళ్లు కట్టి లాగుతుంటే, ఏ తొందరా లేకుండా వస్తోంది. కిటికీలకి తెరలు కూడా తియ్యలేదు. గాలి లేదు, కెరటం లేదు. నీళ్ల మీద ఆ ఇంటి నీడ తలకిందులుగా దానితోపాటు వస్తోంది. ఇంటి కప్పు మీద ఒక మనిషి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, చేతులతో పడవలకి దారి చూపిస్తున్నాడు. అంత దూరం నుంచి మొహం కనిపించలేదు. నవ్వు వినిపించింది. ఎవరింట్లోనో కుక్క మొరిగింది.

నెలిదా నా చెయ్యి పట్టుకుంది, నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఎవరు ఎవరిని నిలబెట్టారో చెప్పలేను. మంచం కిటికీ వైపు తిప్పమని అడిగింది. తిప్పాను. ఆ పిల్ల ప్రతి నొప్పినీ ఆ ఇంటి మీద కళ్లు పెట్టుకునే భరించింది. నన్ను వెళ్లి చూసుకోమంటుంది, నేను ఊపిరి పీల్చుకోమంటాను. ఒడ్డున ఎద్దుల్ని కట్టి, దుంగల మీద ఇంటిని నేల మీదికి ఎక్కించే కేకలు కిందనుంచి వస్తుండగా మగపిల్లవాడు పుట్టాడు. బొడ్డు కోసి, స్నానం చేయించి, తల్లి పక్కన పడుకోబెట్టి, ఆమె కళ్లు మూతపడ్డాకే కిందకి దిగాను.

దారి పొడుగునా నన్ను ఆటపట్టించారు. ఇల్లరికం అల్లుళ్లని చూశాం గానీ ఇల్లు నెత్తిన పెట్టుకుని వచ్చిన అల్లుణ్ని ఇప్పుడే చూస్తున్నామని ఒకరు, పెళ్లికూతురు లేకుండా గృహప్రవేశం అయిపోతుందేమోనని భయపడ్డామని ఇంకొకరు. ఎప్పటిలా దెబ్బలాటకి పోతున్నట్టే నడిచి ఉంటాను. ఇల్లు అత్త చేను దిగువన ఉంది, చెక్కల సందుల్లోంచి ఇంకా ఉప్పునీళ్లు కారుతున్నాయి. కాడి కింద ఎద్దులు రొప్పుతున్నాయి. రెండు దీవుల మనుషులూ అక్కడే ఉన్నారు, క్లోరిందా పిల్లని చంకనేసుకుని ఉంది. నేను వచ్చేదాకా ఎవరూ కూర్చోలేదు, ఎవరూ కల్లు ముట్టలేదు.

అతను కొత్త కోటు వేసుకున్నాడు. నడుం దాకా తడిసి ఉన్నాడు. నన్ను చూసి ముందుగా కాన్పు ఎలా అయిందని అడిగాడు. బాగా అయిందన్నాను. ఎవరు పుట్టారన్నాడు, చెప్పాను. అంత ఊరి ముందూ ఆ రెండు ప్రశ్నలే వేసి, కోటు అంచులోంచి నీళ్లు పిండుకున్నాడు.

"ఎద్దులు కాడి కింద ఉండగానే చెప్పాలి," అన్నాడు చివరికి. "తలుపు ఎటు తిప్పమంటావు? మా దీవిలో అయితే సముద్రం వైపు ఉండేది."

అతను నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. రెండు దీవులూ నా నోటి వైపు చూస్తున్నాయి. ఇన్నేళ్లలో నన్ను చేసుకుంటామని వచ్చినవాళ్లు మా ఇంట్లో ఇదుంది, అదుంది అని చెప్పారు. ఇల్లంతా తెచ్చి నా ముందు నిలబెట్టి, ఎటు చూడాలో నువ్వే చెప్పమన్నవాడు లేడు. నేను సముద్రాన్ని చూశాను, కొండను చూశాను. కొండ మీంచి దిగే బాట వైపు చెయ్యి చూపించాను. నొప్పులొచ్చినప్పుడు నా కోసం మనుషులు పరిగెత్తుకుంటూ వచ్చేది అటునుంచేగా.

అతను ఎద్దుల వాళ్ల వైపు తిరిగి కేక వేశాడు. తాళ్లు బిగిశాయి. ఇల్లు ఒక్కసారి మూలిగి, నేను చూపించిన వైపు తిరగడం మొదలుపెట్టింది.

నీ చెల్లి,
ఎర్మెలిందా