సరంగు కుండలో నీళ్లు

బందరు, 1946 ఫిబ్రవరి, శుక్రవారం

నోటితో అనలేని మాట కాబట్టి కలం పట్టాను.

లాంచీ ఎక్కి రెండు గంటలు సముద్రం చూసి వద్దామని మా ఆయనే నన్నూ, వాళ్లక్కయ్య వదినగారినీ బెజవాడ నుంచి తీసుకొచ్చారు. తిరిగొచ్చేసరికి పాటు తీసి నీళ్లు తగ్గడంతో, లాంచీ ఏటి మొగలోకి రాలేకపోయింది. సాయంత్రం పోటు వచ్చేదాకా సముద్రం మీదే ఉన్నాం. మరచెంబులో నీళ్లు పదింటికే అయిపోయాయి. వదినగారికి నాలుక పిడచకట్టింది. లాంచీ నడిపే సరంగు జాలిపడి తన మంచినీళ్ల కుండ చూపించాడు.

"వద్దక్కయ్యా! వాళ్ల నీళ్లు తాగితే ఇన్నేళ్ల మడీ మంటగలుస్తుంది. రామా అనుకుంటూ ఓర్చుకో," అన్నారు ఆయన.

మధ్యాహ్నం ఆయన్ని వెతుక్కుంటూ ఇంజను గది వెనక్కి వెళ్లాను. అదే కుండ దగ్గర దోసిలి పట్టి గటగటా తాగుతున్నారు. నన్ను చూసి మూతి తుడుచుకుని, "అక్కయ్యకి చెప్పకు," అన్నారు.

ఆ కుండలోంచే గ్లాసుతో నీళ్లు తెచ్చి, "తాగండి వదినా, ఆ పాపం నాది," అన్నాను.

"తమ్ముడు ఓర్చుకుంటుంటే నేను తాగనా, పిచ్చిదానా?" అంది.

బసకొచ్చాక ఆయన స్నానం చేసి సంధ్య వార్చారు. ఆ చేతి తీర్థం నేను పుచ్చుకోలేకపోయాను. వదినగారు మాత్రం కళ్లకద్దుకుని పుచ్చుకుంది.

ఈ కాగితం నా పెట్టె అడుగున ఉండాలి. ఎవరికీ చూపకూడదు. వదినగారికి అసలే వద్దు.