మందకాపరి

గిద్దలూరు,
14-11-1955

మాల్యాద్రి మామకు నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ గొర్రెల మంద నుంచి పంపిన కుక్క మాకంటే కులాసా.

మీ అమ్మాయికి కాపలాగా ఉంటుందని ప్రేమతో పంపారు, కాదనను. కానీ మేముండేది ఒకే కప్పు కింద ఆరు వాటాల ఇల్లు. గొర్రెలు లేవని అదేమీ దిగులు పడలేదు. ఆరు కాపురాలనూ తన మందే అనుకుంది. చీకటి పడేసరికి అందరూ ఇల్లు చేరాలి. ఒక్కరు తగ్గినా, ఆ మనిషి వచ్చేదాకా ఊరంతా వినిపించేలా మొరుగుతుంది.

మొన్న పక్క వాటా గుమాస్తా పేకాట ముగించుకుని ఆలస్యంగా వస్తే, పంచె పట్టి గుమ్మం దాకా లాక్కొచ్చింది. "ఏందన్నా ఇది? మా ఇంట్లో ఒకరు అరిచేది చాలదా?" అని నా మీద పడ్డాడు.

దాన్ని పంపేద్దామని మగవాళ్లం తీర్మానించాం. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. "మొగోళ్లు ఏళకు ఇల్లు చేరతాండారు. దాన్ని పంపితే నేనూ మా నాయన కాడికి పోతా" అంది మీ అమ్మాయి.

కాబట్టి మీరే వచ్చి, మందకు కుక్క కావాలని అడిగి తోలుకుపోండి. నేను రాశానని మాత్రం చెప్పొద్దు.

ఇది స్టేషన్ దగ్గర కాఫీ హోటల్లో కూర్చుని రాస్తున్నాను. దీపాలు పెట్టారు. అదిగో, మొదలుపెట్టింది. ఇంతసేపూ పక్కనే ఉన్న గుమాస్తా లేచి పరుగెత్తాడు. ఇక తగ్గింది నేనొక్కడినే.

ఉత్తరం చివర ఉంటాను అని రాయాలి. ఉండలేను మామా, పోతున్నాను.

మీ అల్లుడు