కాళ్ళకు నీళ్ళు

విజయనగరం,
20-1-1968

ప్రియమైన నీలవేణికి,

నీ బావ రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, మావయ్యా, అత్తయ్యా క్షేమమని తలుస్తాను. తలుచుకోవడమే గానీ తెలిసే దారి లేదు. దీపావళి ముందు రాసిన ఉత్తరానికే ఇంతవరకు జవాబు లేదు.

అసలు సంగతికి వస్తాను. శ్రీకాకుళంలో గణపతిరావు గారని ఒక బట్టల వర్తకుడున్నారు. ఆటలంటే పిచ్చి. వచ్చే నెల పద్దెనిమిదిన పరుగు పందెం పెడుతున్నారు. శ్రీకాకుళంలో బయలుదేరి, అరసవల్లి, గార మీదుగా, చివరికి సముద్రం పక్కనుంచి మీ కళింగపట్నం దీపస్తంభం వరకు. పదహారు మైళ్ళు. "మన సముద్రాన్ని బస్సులో కునికిపాట్లు పడుతూ సూస్తే ఏటి లాభం మేస్టారూ, కాళ్ళతో సూడాలి" అన్నారు. నేనూ పేరిచ్చేశాను. మా హెడ్మాస్టరు భీమశంకరరావు గారు విని, "డ్రిల్లు మేస్టారు ఈల ఊదాలి గానీ తనే పరిగెడతాడటయ్యా!" అని ఒకటే నవ్వు.

మావయ్య తన గుమ్మం ఎక్కొద్దన్నాడు. సరే, ఎక్కను. రోడ్డు మాత్రం ఆయనది కాదుగా! పందెం మీ వాకిలి ముందు నుంచే పోతుంది. ఆ వేళకి నువ్వు బయట ఉంటే నిన్ను ఒకసారి చూస్తాను. ఆర్నెల్లయింది నిన్ను చూసి.

ఇల్లు బాగానే ఉంది. నువ్వు రావడమే తరువాయి.

నీ రాక కోసం చూసే,
జగన్నాధం


కళింగపట్నం,
27-1-1968

~~ప్రియమైన~~ బావకి,

రాసి కొట్టేశాను, చూసుకో.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో హెడ్మాస్టరున్నాడు, బట్టల కొట్టాయన ఉన్నాడు, దీపస్తంభం ఉంది. కూర్మి లేదు. ఏడాదిన్నర మన ఇద్దరి మధ్యా పడుకున్న పిల్లకి నీ ఉత్తరంలో ఒక ముక్క చోటు లేకపోయింది.

శ్రావణంలో పుట్టింటికి పదిరోజులుందామని ఇద్దరం దాన్ని ఎత్తుకుని వచ్చాం. జ్వరం తగిలింది, పిల్ల పోయింది. నువ్వే చేతుల మీద తీసుకెళ్ళావు. ఆడవాళ్ళు రాకూడదని నన్ను గదిలో పట్టుకుని కూర్చోబెట్టారు. తిరిగి వచ్చి నువ్వు నాతో ఒక్క మాటన్నావా? నీ కంట ఒక్క చుక్క నీరు చూశానా? మూడో రోజు పొద్దున్నే బడి ఉందని బండెక్కావు. అందుకే నాన్న నిన్ను మళ్ళీ గుమ్మం ఎక్కొద్దన్నాడు. దాన్ని ఎక్కడ పెట్టారో ఈనాటికీ నాకు తెలియదు. అడిగితే అమ్మ, "తల్లి అడక్కూడదే, సూడకూడదు" అని నోరు మూస్తుంది. ఆ మాట ఎత్తితే నాన్న లేచి బయటికి పోతాడు.

నీ పందెం సంగతి అమ్మకి చదివి వినిపించాను. "ఆడికి గుండికాయుందేటే? ఉంటే పదారు మైళ్ళు పరిగెడతాడేటి?" అంది. గుండెకాయ ఉంటేనే పరిగెత్తగలరమ్మా అన్నాను. నీ తరఫున ఎందుకు మాట్లాడానో నాకే తెలియదు.

ఆ రోజు బయట ఉంటానని చెప్పను. ఉండనని కూడా చెప్పను.

నీలవేణి


విజయనగరం,
12-2-1968

ప్రియమైన నీలవేణికి,

కొట్టేసినా అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయిలే. నీది ఎప్పుడూ గుండ్రటి దస్తూరీ.

పొద్దున్నే లేచి కోట చుట్టూ పరిగెడుతున్నాను. నిన్న ఆదివారం రైల్లో ఆమదాలవలస దిగి, శ్రీకాకుళం వెళ్ళి, పందెం దారిలోనే పరుగెత్తి చూశాను. అరసవల్లిలో రథసప్తమికి వేసిన పందిళ్ళు ఇంకా విప్పలేదు. ఊరు దాటాక అటూ ఇటూ తాటిచెట్లు, ఆ పైన జీడితోటలు. పూత మీదున్నాయి, ఆ వాసనకి ఆకలి వేసింది. ఎండ ఎక్కకముందు ఆ దారి ఎంత బాగుంటుందో! గార దగ్గర సముద్రపు గాలి మొహానికి తగిలింది. అక్కడినుంచి వెనక్కి తిరిగిపోయాను. కాళ్ళలో సత్తువ ఉంది. ముందుకు మాత్రం వెళ్ళలేకపోయాను.

కూర్మి గురించి రాయలేదన్నావు. నిన్న రాత్రి అదే రాద్దామని కూర్చున్నాను. పేరు రాశాను, తరవాత మాట రాలేదు. నువ్వెదురుగా ఉంటే వస్తుందేమో.

నీ
జగన్నాధం


కళింగపట్నం,
22-2-1968

జగన్నాధం గారికి,

ఇక మీద మిమ్మల్ని మీరు అనే అంటాను. బావా, నువ్వూ అనే చనువు మొన్న ఆదివారంతో తీరిపోయింది.

ఆ రోజు పొద్దున్నే నాన్నతో చెప్పాను. బావ వస్తే కాళ్ళకు నీళ్ళిస్తాను, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చిన మనిషిని నువ్వు పొమ్మనకూడదు, పొమ్మంటే నేనూ ఆయన వెంట పోతాను అని. "నీ ఇట్టమమ్మా" అన్నాడు నాన్న. నా చీరలు ట్రంకుపెట్టెలో సర్దుకున్నాను. ఆ సంగతి అమ్మకి కూడా చెప్పలేదు.

ఊరంతా రోడ్డు మీదే ఉంది. ముందు వచ్చిన వాళ్ళకి పిల్లలు ముంతలతో మజ్జిగ అందించారు. మీరు కనబడగానే నేను చెంబుతో ఎదురొచ్చి మీ కాళ్ళ ముందు పెట్టాను. మీరు ఆగారు. నా మొహంలోకి చూశారు. ఆ చెంబెత్తి, గటగటా తాగేసి, కింద పెట్టి, పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయారు.

"అల్లుడు కాళ్ళ నీళ్ళు తాగీసినాడ్రోయ్!" అని ఎవరో అరిచారు. ఒకటే నవ్వులు. నాన్న నవ్వలేదు, తిట్టలేదు, తల దించుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

నేను ఆ నీళ్ళతో ఏం అడిగానో మీకు అర్థం కాలేదని అనుకోలేను. మీరు ఈ ఊరి మేనల్లుడు. మీకు పందెం కావాలి, మీరు వెళ్ళిపోయారు. దీపస్తంభం దగ్గర మీకేం బహుమతి ఇచ్చారో నేనెవర్నీ అడగలేదు. ఇక ఉత్తరాలు రాయకండి.

నీలవేణి


విజయనగరం,
1-3-1968

ప్రియమైన నీలవేణికి,

రాయొద్దన్నావు. ఇదొక్కటీ చదివి, తరవాత నీ ఇష్టం.

అవి కాళ్ళకు నీళ్ళని నాకు తెలుసు. తాగే నీళ్ళు ఎవరైనా చేతికిస్తారు గానీ కాళ్ళ ముందు పెట్టరు. తెలిసే తాగాను.

శ్రావణంలో నేను కూర్మిని పెట్టి వచ్చినప్పుడు, అత్తయ్య అదే వాకిట్లో, అదే చోట నా కాళ్ళ మీద నీళ్ళు పోసింది. అలా వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రాకూడదు కదా. కాళ్ళకున్న ఇసుకంతా ఆ నీళ్ళతో పోయింది. దాని మీద వేసిన ఇసుకే అది. అంతవరకు పిల్ల నాతోనే ఉన్నట్టనిపించింది నీలా, కాళ్ళు కడిగాక లేదు. అందుకే నీతో మాట్లాడలేకపోయాను. అందుకే మూడో రోజుకే పారిపోయాను. మొన్న నువ్వు చెంబు పెట్టగానే మళ్ళీ అదే వాకిలి, అవే నీళ్ళు. కడుక్కోలేకపోయాను. తన్నేసి పోలేను. తాగేశాను.

ఇంకొకటి నీకెవరూ చెప్పినట్టు లేదు. నేను దీపస్తంభం దాకా వెళ్ళలేదు. మీ ఇల్లు దాటాక సరుగుడు తోట వస్తుంది కదా, రోడ్డు దిగి అందులోకి వెళ్ళాను. అక్కడే పెట్టాం దాన్ని. ఆ రోజు మావయ్య తోట మొదట్లోనే కూలబడిపోయాడు, నేనొక్కడినే లోపలికి తీసుకెళ్ళాను. నక్కలు రాకుండా మొగలి కొమ్మలు నరికి పైన కప్పాను. చేతుల నిండా ముళ్ళు. మర్నాడు అన్నం కలుపుకోలేకపోతే నాకు ఆకలి లేదనుకున్నావు.

మొన్న వెళ్ళి చూస్తే ఆ కొమ్మలు లేవు. గాలికి ఇసుకంతా జరిగిపోయింది. అన్ని చెట్లూ ఒకేలా ఉన్నాయి. మోకాళ్ళ మీద పడి వెతికాను. దొరకలేదు. మన పిల్లని పెట్టిన చోటు నాకొక్కడికే తెలుసు, అదీ పోగొట్టాను. అక్కడ కూర్చుని ఏడ్చాను. పందెం వాళ్ళు వచ్చి, ఎండదెబ్బ తగిలిందనుకుని బండిలో వేసుకుపోయారు.

నువ్వు ఎక్కడా అని అడుగుతావనే భయం. అందుకే నీ దగ్గరికి రాలేకపోతున్నాను.

జగన్నాధం


కళింగపట్నం,
6-3-1968

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం అమ్మకి చదవలేదు. నాన్నకి చదివాను. వింటూ వింటూ మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. "నాను కూడా లోపలికెల్లుంటే ఇద్దరిలో ఒకడికైనా గురుతుండేది" అన్నాడు.

నువ్వు ఏడవలేదని ఇన్నాళ్ళూ నీ మీద కోపం పెట్టుకుని బతికాను బావా. ఇప్పుడు అదీ లేదు. నిన్నంతా ఏ పనీ చేయలేకపోయాను.

విజయనగరం వస్తానో రానో ఇప్పుడు అడగకు. నువ్వు మాత్రం ఆదివారం పొద్దుటి బస్సుకి రా. ఇంటికి రావద్దు, తోట దగ్గరే దిగు. నేను అక్కడ ఉంటాను. తల్లి చూడకూడదంటే చూడకూడదని అమ్మ అడ్డం పడుతుంది. పడనీ, నేను వస్తాను.

చోటు దొరకలేదని భయపడకు. ఏ చెట్టు దగ్గరో తెలియకపోయినా, ఈ తోటలోనే ఎక్కడో ఉందని నువ్వు నాకు చెప్పు. ఇద్దరం వెతుకుదాం.

నీ
నీలవేణి