కుట్టేసిన చివరి పేజీలు

లైబ్రేరియన్ గారికి నమస్కారం.

మీ నీలం అట్ట నవల గడువు దాటి పది రోజులైంది. దయచేసి ఇంకో పదిహేను రోజులు ఉంచుకోనివ్వండి. మరో తప్పు కూడా ఒప్పుకోవాలి. దాని చివరి పన్నెండు పేజీలూ కలిపి, అంచు వెంబడి నేను సూదీదారంతో కుట్టేశాను. చిల్లులు కనిపిస్తాయి.

మా మామగారు కాలు విరిగి చలికాలమంతా మంచం మీదే ఉన్నారు. ఏ పుస్తకం ఇచ్చినా ముందు చివరి పేజీ చూసి, "ఇంతేగా" అని పక్కన పడేసేవారు. డాక్టరు లేచి నడవమన్నా, "నడిచినా ఇంతేగా" అనేవారు. బట్టలు కుట్టేదాన్ని కదా, నాకు తోచిన మందు ఆ చివరి పేజీలు కుట్టేయడమొక్కటే. రెండు రోజులు ఆయన పుస్తకం ముట్టుకోలేదు. మూడో రోజు మొదటి పేజీ తీశారు.

ఇప్పుడు చెట్లు చిగురేశాయి. ఎండ ఎటు జరిగితే అటు కుర్చీ తనే లాక్కుంటూ చదువుతున్నారు. నిన్న కుట్టు దగ్గరికి వచ్చేశారు. నేను కత్తెర తీసుకెళితే, "ఉండమ్మా, అప్పుడే విప్పేస్తే ఎలా? వీధి చివరిదాకా నడిచొచ్చిన రోజున విప్పుదువుగాని" అన్నారు.

ఇవాళ గేటు దాకా వెళ్ళొచ్చారు. మీ పుస్తకం తనే తెచ్చి ఇస్తారట. అప్పుడు ఇంకొకటి, కాస్త లావుపాటిది ఇప్పించండి. ముందే నాచేత కుట్టించుకుంటానంటున్నారు.

మీరు సరేనంటే, ఈసారి సన్న సూది వాడతాను.

ఇట్లు,
మీ పాఠకుడి కోడలు