ముప్ఫై ఎనిమిది మీటర్ల దగ్గర

ప్రియమైన అక్కకి,

బాగున్నావని తెలుసు, ఎండకి నల్లబడ్డావనీ తెలుసు, ఫొటో చూశాను. ఫోన్లో అయితే మనిద్దరం మూడో నిమిషానికి కొట్టుకుంటాం కాబట్టి ఎప్పట్లాగే కాగితం మీద అడుగుతున్నాను. కాదనకు.

నీ మరిదిని నీ డైవింగ్ స్కూలుకి పంపుతున్నాను, నాలుగు రోజులకి. లోతు కార్డు ఇచ్చి పంపు. సెలవులకి మేమిద్దరం మునిగిన ఓడ చూడ్డానికి వెళ్తున్నాం. బోటువాళ్లు పంపిన కాగితం రెండు పేజీలుంది. ఓడ ముప్ఫై ఎనిమిది మీటర్ల లోతున పడుందట. అందుకని ముప్ఫై దాటి దిగడానికి ఒక కార్డు, ఓడ లోపలికి వెళ్లడానికి ఇంకో కార్డు, లాగ్‌బుక్కులో యాభై డైవులు, అందులో ఒకటైనా ఈ ఆరు నెలల్లోది, ఆపైన డాక్టరు సంతకం. మా పెళ్లికి కూడా ఇన్ని అడగలేదు ఎవరూ. నాకు అన్నీ ఉన్నాయి, పోయినేడు నువ్వే ఏడిపించి ఇచ్చావు. ఆయనకి లోతు కార్డు ఒక్కటే తక్కువ.

నిజం చెప్పనా, ఇది సరదా ట్రిప్పు కాదు. రెండో కాన్పులో బిడ్డ పోయి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ఆయన ఆ బిడ్డ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను ఆ మాట ఎత్తితే లేచి వెళ్లి కుళాయికి వాషరు మారుస్తారు. మా ఇంట్లో కారే కుళాయి ఒక్కటి లేదు. పెద్దదాన్ని మా అత్తగారి దగ్గర వదిలి, వారం రోజులు పడవ మీద ఇద్దరమే ఉంటే నోరు విప్పుతారేమోనని నా ఆశ. అప్పటికీ విప్పకపోతే ఈ కాపురం నా వల్ల కాదు. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, ఆయనకి కూడా.

నీకు ఆయనంటే పడదని తెలుసు. నా మొహం చూసైనా సరిగ్గా నేర్పు.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

ముందు సంగతి చెప్పేస్తాను, తర్వాత తిట్టుకుందువుగాని. మీ ఆయనకి కార్డు ఇవ్వలేదు.

మొదటి మూడు డైవులూ బాగానే చేశాడు. లిఫ్టు మెకానిక్కు కదా, ఎక్కడం దిగడం కొత్తేం కాదు. గాలి ఎంతుందో చూసుకున్నాడు, తాడు వదల్లేదు, పైకొచ్చేటప్పుడు ఆగమన్న చోట ఆగాడు. అతన్ని ఇంత మెచ్చుకుంటూ నేను రాయడం ఇదే మొదటిసారి, దాచుకో. తేడా నాలుగోదాంట్లో వచ్చింది.

ముప్ఫై దాటాక సిలిండర్లో గాలే మత్తెక్కిస్తుందని నీకు తెలుసు. కొందరికి నవ్వొస్తుంది, కొందరికి గుండె దడ. అది ఎవరికి ఎంతుందో చూడ్డానికి నేను ప్లాస్టిక్ పలక మీద రాయిస్తాను, పడవ మీద ఒకసారి, కింద ఒకసారి. మిగతా టీచర్లు కూడికలు ఇస్తారు. నేను ఇంట్లోవాళ్ల పుట్టినరోజులు రాయమంటాను, రోజూ నెలా చాలు. మనిషన్నవాడు మర్చిపోకూడనివి అవే కదా.

పడవ మీద నాలుగూ ఇరవై సెకన్లలో రాశాడు. వాళ్లమ్మది, నీది, పెద్దదానిది, తనది. కింద, ముప్ఫై ఎనిమిది దగ్గర, ఒకటిన్నర నిమిషం పట్టింది. రాసింది కూడా సరిగ్గా లేదు. పలక లాక్కుని పైకి పదమని సైగ చేశాను. పడవెక్కాక మొహం మీదే చెప్పేశాను, లోతులో నీ బుర్ర పనిచెయ్యదు, ఇంకెప్పుడూ ముప్ఫై దాటి దిగకు అని. "సరే వదినా" అన్నాడు. ఏం తప్పు రాశానని కూడా అడగలేదు. తడిబట్టలు పిండుకుని, మడతపెట్టి, సంచీలో సర్దుకున్నాడు.

ట్రిప్పు మానెయ్యండి. నువ్వొక్కదానివీ నా దగ్గరికొచ్చి నాలుగు రోజులుండు. నీతో మాట్లాడాలి.

ప్రేమతో,
అక్క

*

ప్రియమైన అక్కకి (ఆ మాట చేతి అలవాటు కొద్దీ వచ్చింది, పట్టించుకోకు),

ఏం చెప్పి పంపావే ఆయనకి? వచ్చిన మనిషి వచ్చినట్టే స్టూలేసుకుని ఫిన్సూ మాస్కూ అటక మీద పెట్టేశారు. ఏమైందంటే "నా బుర్ర లోతులో పనిచెయ్యదట" అన్నారు, బస్సు తప్పిపోయిందన్నంత మామూలుగా. మర్నాడు పొద్దున నేను షాపులో ఎవరిదో కళ్లద్దాల గ్లాసు అరగదీస్తుంటే ఫోన్ చేసి, తన టికెట్టు రద్దు చేశానని చెప్పారు. నన్ను అడగను కూడా లేదు.

ఇంకో ఊళ్లో ఇంకో టీచర్ దగ్గర నేర్చుకోవచ్చు, ఇంకా ఐదు వారాలుంది అన్నాను. వద్దన్నారు. "మీ అక్క అబద్ధం చెప్పదు" అన్నారు. నీ మీద ఆయనకి అంత నమ్మకం ఉందని నాకిప్పుడే తెలిసింది. మా ఇంట్లో నా మాటకి ఆ విలువ లేదు.

నాకేమనిపిస్తోందో చెప్పనా. ఆయన హమ్మయ్య అనుకున్నారు. వారం రోజులు నాతో ఎదురెదురుగా కూర్చునే పని తప్పింది కదా. ఆ సాకు చేతిలో పెట్టి పంపింది నువ్వు. మాట్లాడాలి రమ్మన్నావు, ఇప్పుడు నీతో మాట్లాడే ఓపిక నాకు లేదు. ట్రిప్పుకి నేనొక్కదాన్నే వెళ్తాను.

నీ చెల్లెలు

*

ప్రియమైన అక్కకి,

నాలుగు నెలలైంది మన మధ్య ఉత్తరాలు లేక. కోపం తగ్గలేదు, తెలుసుకోవలసింది ఉండి రాస్తున్నాను.

ఓడ చూశాను. ఏం లేదక్కా, తుప్పు. వంటగది ఉన్న చోట పింగాణీ కప్పులు ఇంకా కొక్కేలకి వేలాడుతున్నాయి. నాకు జతగా ఎవరో రిటైరైన కంటి డాక్టర్ని వేశారు. కప్పులు చూసి ఆయన ఏదో సైగ చేశాడు, నేనూ ఏదో సైగ చేశాను, ఇద్దరికీ అర్థం కాలేదు. ఇంటి దగ్గర నా బతుకు కూడా ఇంతే కదా అనిపించి మాస్కులో ఏడ్చాను. మాస్కులో ఏడిస్తే ముక్కు తుడుచుకోవడానికి ఉండదు, నువ్వు పాఠంలో చెప్పలేదు ఇది.

ఇంటికొచ్చిన ఆదివారం ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. మనం ఒకరికొకరం చెప్పుకోవలసింది ఏమైనా మిగిలిందా అని. "ఏముంటుంది" అన్నారు. అంతే. అయితే వెళ్లిపొమ్మన్నాను. వెళ్లిపోయారు. వాళ్ల కంపెనీ వర్క్‌షాపు పక్కన గది తీసుకున్నారు. పెద్దది శనివారాలు అక్కడికి వెళ్తుంది. విడాకుల కాగితాల మీద పోయిన నెల సంతకాలు పెట్టేశాం.

అడగాలనుకున్నది ఇది. ఆ ట్రిప్పులో బోటు టీచరమ్మకి నీ మరిది సంగతి చెబితే ఆవిడ నవ్వింది. అంత లోతులో అందరూ తప్పులు రాస్తారు, బుర్ర ఎంత మందగిస్తుందో వాళ్లకి తెలియాలనే రాయించేది, దానికోసం కార్డు ఎవరూ ఆపరు అంది. అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు నేను నీ పుట్టినరోజే తప్పు రాశాను. నువ్వు పడవ మీద అందరికీ చూపించి నవ్వావు, నవ్వుతూనే కార్డు ఇచ్చావు. మరి ఆయనకి ఎందుకు ఇవ్వలేదు? నీకు పడని మనిషనా? ఉన్నదున్నట్టు చెప్పు.

పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

చెప్పకూడదనే అనుకున్నాను. ఇక ఎలాగూ వెళ్లిపోయాడు కాబట్టి చెబుతున్నాను, గుండె చిక్కబట్టుకుని చదువు.

అతను రాసింది తప్పు కాదు. నాలుగు తేదీలూ సరిగ్గానే రాశాడు. వాటి కింద ఇంకోటి రాశాడు. నేను చూస్తుండగానే, ఎవరో పక్కన చెబుతుంటే రాసినట్టు మెల్లగా, గట్టిగా ఒత్తి రాశాడు. పంతొమ్మిది, ఏడు. ఏడో నెల పంతొమ్మిది. మన ఇంట్లో ఆ రోజున పుట్టినవాళ్లెవరూ లేరు. వాళ్ల వైపు కూడా లేరు, తర్వాత వాళ్లమ్మనే వేరే మాటల్లో పెట్టి అడిగి తెలుసుకున్నాను.

మత్తులో మనిషి లేనిది కల్పించడే. లోపల దాచింది బయట పడేస్తాడు, ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. ఇంట్లోవాళ్ల పుట్టినరోజులు రాయమంటే ఇంకో పుట్టినరోజు రాశాడంటే, ఎక్కడో ఇంకో ఇల్లుందని అర్థం. ఒక ఆడదో, ఒక బిడ్డో. నువ్వే రాశావు కదా, ఆరేళ్లుగా నోరు విప్పడం లేదని. మనసు ఇక్కడ లేని మనిషి ఏం విప్పుతాడు?

నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడే బొటనవేలితో ఆ పలక తుడిచేశాను. పైకొచ్చి అతను చూసుకుంటే జాగ్రత్తపడి నీకు ఏదో కట్టుకథ చెబుతాడు కదా. అలాంటివాడితో నిన్ను ఓడ లోపలికి, ఆ చీకట్లోకి పంపడానికి నాకు చేతులు రాలేదు. మత్తు మీద నెట్టేశాను. టీచర్‌గా చెయ్యకూడని పని, ఒప్పుకుంటాను. అక్కగా చేశాను.

ఇప్పుడైనా ఆ తేదీ ఎవరిదో కనుక్కో. లేదా కనుక్కోకు. అతన్ని వదిలించుకున్నావు, నీకిక బాధ లేదు. ఉన్నపళంగా బయల్దేరి నా దగ్గరికి రా.

ప్రేమతో,
అక్క

*

అక్కా,

కనుక్కోవలసిన పని లేదు. ఏడో నెల పంతొమ్మిది మా రెండో పాప పుట్టినరోజు.

నీకది కాన్పు పోయిన రోజు. అమ్మకీ అంతే. ఆ రోజు నువ్వు రాలేదు, ఎవరినో పగడపు దిబ్బల దగ్గరికి తీసుకెళ్లి మూడు వారాలు సముద్రం మీదున్నావు. రెండు నెలల తర్వాత పళ్లు తీసుకుని వచ్చావు. వచ్చి ఇంకా చిన్నదానివే, మళ్లీ పుడతారులే అన్నావు. ఏ రోజు అని అడగలేదు. అడుగుతావని నేనూ అనుకోలేదు. పాప నాలుగు గంటలు బతికింది. ఆ నాలుగు గంటలూ ఆయన చేతుల్లోనే ఉంది, నాకింకా స్పృహ రాలేదు. దాన్ని చూసిన మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కరే. దాని మొహం ఎలా ఉందో చెప్పమని ఆరేళ్లుగా నేను అడుగుతున్నది ఆయన్ని.

ఆయన మర్చిపోయారనుకున్నాను. ఆ ఒక్కటి అనుకునే పంపించేశాను. మా ఇంట్లోవాళ్లు ఎవరెవరని అడిగితే ఆయన ఐదుగురిని రాశారు. ఆ చివరి తేదీ కోసం నేను ఎంతగా కాచుకుని ఉన్నానో నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. నువ్వు చదివావు. చదివి కూడా, నీ కళ్లముందు ఆయన రాస్తుంటే తుడిచేశావు.

నీ ఉత్తరం పట్టుకుని నిన్న ఆయన దగ్గరికి వెళ్లాను. ఏడంతస్తుల ఆఫీసు బిల్డింగులో లిఫ్టు కింద గుంటలో ఉన్నారు. పైకి రమ్మంటే వచ్చారు, చేతులు గుడ్డకి తుడుచుకున్నారు. నువ్వు రాసింది చదివి వినిపించాను, ఇంకో ఇల్లూ ఇంకో ఆడదీ అన్న ముక్కలు వదిలేసి. మెట్ల మీద కూర్చున్నారు. "నేను రాశానా?" అన్నారు. అవునన్నాను. "నాకు గుర్తు లేదు" అన్నారు. చెయ్యి చాపి, "ఏదీ, చూపించు" అన్నారు.

చూపించడానికి నా దగ్గర ఏముంది? ఉన్నది నీ చేతిరాత. ఆయనది కాదు.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. గుర్తు లేకపోయినా ఫరవాలేదు, రాసింది మీరే, మీ లోపల అది ఉంది, నాకది చాలు, ఇంటికి రండి అన్నాను. ఆరేళ్ల పంతం పక్కన పెట్టి బతిమాలాను అక్కా, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా. ఆయన మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నా మీద జాలితో తీసుకున్నారు, అది ఇంకా బాధ. "దాని మీద ఆశ పెట్టుకోకు, లోతులో నా బుర్ర పనిచెయ్యదని మీ అక్కే చెప్పింది కదా. ఏదో పిచ్చి అంకె వేసుంటాను" అన్నారు.

అని మళ్లీ గుంటలోకి దిగారు.

నాకు ఉత్తరాలు రాయకు.

నీ చెల్లెలు